పాట పెంచినా పలకని వేలం

మామూలు వేలంపాటలో నియమం ఒకటే. ఎవరు ఎక్కువ పాడితే సరుకు వారిది. చేపల చెరువుకైనా, మామిడి తోటకైనా, వినాయకుడి లడ్డూకైనా అంతే. 1994లో 450 రూపాయలు పలికిన బాలాపూర్ లడ్డూ 2024లో 30 లక్షలు దాటిందంటే కారణం ఆ నియమమే. గూగుల్‌లో జనం ఏదో ఒకటి వెతుకుతున్నప్పుడు, ఫలితాల పేజీ తెరుచుకునేలోపే రెప్పపాటులో మరో రకం వేలం జరిగిపోతుంది. ఆ పేజీలో ప్రకటనల చోటు కోసం జరిగే వేలం అది. అక్కడ ఎక్కువ పాడినవాడు వెనకబడటం, తక్కువ పాడినవాడు పైకెక్కి కూర్చోవడం రోజూ జరిగేదే. అంతకన్నా విడ్డూరం ఏమిటంటే, వెనకబడినవాడే ఒక్కో క్లిక్‌కు ఎక్కువ చెల్లించుకోవడం. కొత్తగా ఆ గోదాలోకి దిగిన చిన్న వ్యాపారి చేతులు కాల్చుకునేది సరిగ్గా ఇక్కడే.

రాయపూర్‌నే తీసుకోండి. 2000 నవంబర్ 1న ఛత్తీస్‌గఢ్ రాజధాని అయ్యేదాకా అది మధ్యప్రదేశ్‌లో ఒక జిల్లా కేంద్రం. ఇవాళ సిల్తరా, ఉర్లాల్లో ఇనుము, ఉక్కు కర్మాగారాలు, పండరీలో బట్టల మార్కెట్, చుట్టూ 'ధాన్ కా కటోరా' అని పేరుపడ్డ వరి మైదానం, ఆ ధాన్యాన్ని ఆడించే మిల్లులు. విశాఖ నుంచి విజయనగరం, రాయగడ, టిట్లాగఢ్ మీదుగా నేరుగా రైలుంది కాబట్టి తెలుగువారికి కొత్త ఊరేమీ కాదు. ఉర్లాలో రైస్ మిల్లు విడిభాగాలు అమ్మే వ్యాపారి ఒకరున్నారనుకోండి. మనిషి కల్పితమే కానీ, ఆయన కష్టం కల్పితం కాదు. రబ్బర్ రోలర్లు, పాలిషర్ రాళ్లు, ఎలివేటర్ బెల్టులు, జల్లెడలు ఆయన సరుకు. ధంతరి, దుర్గ్, మహాసముంద్, సరిహద్దు దాటితే ఒడిశాలో బర్గఢ్ మిల్లర్లు ఆయన ఖాతాదారులు. చదువుకున్న కొడుకు వెబ్‌సైట్ పెట్టించాడు. 'రైస్ మిల్' అన్న రెండు మాటల మీద క్లిక్‌కు 20 రూపాయలు పాడి గూగుల్‌లో ప్రకటన ఇచ్చాడు.

రెండు నెలలకు తేలిందేమిటి? ప్రకటన కనిపించీ కనిపించనట్టుంది. పాట 40కి పెంచాడు. బిల్లు పెరిగింది, ఫోన్లు పెరగలేదు. ఖాతా తెరిచి చూస్తే ఆ కీవర్డ్ పక్కన పదికి 3 అని ఉంది. దాని పేరు క్వాలిటీ స్కోర్.

బడిపిల్లల ప్రోగ్రెస్ కార్డు లాంటిదే ఇది. కాకపోతే ఇక్కడ మార్కులు తగ్గితే బెత్తం దెబ్బ జేబుకు తగులుతుంది. మూడు విషయాలు చూసి గూగుల్ ఈ మార్కులు వేస్తుంది. ఆ ప్రకటన కనిపిస్తే జనం క్లిక్ చేసే అవకాశం ఎంత అన్నది మొదటిది. వెతికిన మాటకూ ప్రకటనలోని మాటలకూ పొంతన ఉందా అన్నది రెండోది. క్లిక్ చేశాక తెరుచుకునే పేజీ వచ్చినవాడికి పనికొస్తుందా అన్నది మూడోది. ఒక్కోదానికి సగటు కంటే మేలు, సగటు, సగటు కంటే తక్కువ అని మూడు తరగతులే ఉంటాయి. గత 90 రోజుల్లో అదే మాట మీద ప్రకటనలిచ్చిన తతిమ్మావారితో పోల్చి ఆ తరగతి ఇస్తారు. అంటే మనం బాగా రాయడం ఒక్కటే చాలదు, పక్కవాడి కన్నా బాగా రాయాలి.

దీని దెబ్బ ఎంతో తెలియాలంటే చిన్న లెక్క వేయాలి. ప్రకటన స్థానాన్ని పాటను నాణ్యతతో గుణించి నిర్ణయిస్తారన్నది ఈ వేలానికి మూల సూత్రం. రాయపూర్ వ్యాపారి పాట 40, మార్కులు 3. గుణిస్తే 120. విశాఖలోనో కోయంబత్తూరులోనో ఉన్న పోటీదారు పాట 20, మార్కులు 8. గుణిస్తే 160, మొదటి స్థానం అతనిది. మూడోవాడు 15 పాడాడు, మార్కులు 6. మొత్తం 90. ఇక చెల్లింపు. ఎవరూ తాము పాడినంతా ఇవ్వనక్కర్లేదు, తన కింద ఉన్నవాడిని దాటడానికి ఎంత కావాలో అంత ఇస్తే చాలు. మొదటివాడు దాటాల్సింది 120ని. దాన్ని తన మార్కులు 8తో భాగిస్తే 15 రూపాయలు. రాయపూర్ వ్యాపారి దాటాల్సింది 90ని. 3తో భాగిస్తే 30 రూపాయలు. పైన కూర్చున్నవాడికి 15, కింద కూర్చున్నవాడికి 30! నెలకు 30 వేలు ఖర్చుపెడితే ఒకరి దుకాణానికి రెండు వేల మంది వస్తారు, మరొకరి దుకాణానికి వెయ్యి మంది. ఇప్పుడు అదే రాయపూర్ వ్యాపారి మార్కులు 3 నుంచి 6కు పెరిగాయనుకోండి. పాటను సగానికి, అంటే 20కి తగ్గించుకున్నా మొత్తం 120 వస్తుంది. అదే రెండో స్థానం దక్కుతుంది. చెల్లించేది మాత్రం 15 రూపాయలే.

అసలు లెక్క ఇంతకన్నా చిక్కుగా ఉంటుందన్న మాట కూడా చెప్పుకోవాలి. ఖాతాలో కనిపించే 1 నుంచి 10 అంకె నేరుగా వేలంలోకి వెళ్లదని గూగుల్ చెబుతుంది. ప్రతి వేలంలోనూ ఆ క్షణంలో ఎవరు, ఎక్కడి నుంచి, ఏ ఫోన్‌లో వెతుకుతున్నారన్నది చూసి నాణ్యతను అప్పటికప్పుడు కొత్తగా అంచనా వేస్తారు. కనిపించే అంకె థర్మామీటర్ లాంటిది. జ్వరం ఉందని చెబుతుంది, అదే జ్వరం కాదు.

ఈ పద్ధతి ఎందుకొచ్చిందో తెలిస్తే మందు కూడా అర్థమవుతుంది. వెతుకులాట ఫలితాల పక్కన క్లిక్‌కు ఇంత అని చోటు అమ్మే వ్యాపారాన్ని 1998లో నిలబెట్టింది అమెరికాలో బిల్ గ్రాస్ స్థాపించిన గోటు డాట్ కామ్. తర్వాత ఓవర్చర్‌గా పేరు మార్చుకుని 2003లో యాహూ చేతికి పోయింది. అక్కడ ఎక్కువ పాడినవాడిదే పైచోటు. గూగుల్ 2000లో యాడ్‌వర్డ్స్ పేరుతో ప్రకటనలు మొదలుపెట్టి, 2002లో ఆ క్లిక్ పద్ధతికి ఒక మెలిక పెట్టింది. పాటతో పాటు జనం ఎంత తరచుగా క్లిక్ చేస్తున్నారో కూడా లెక్కలోకి తీసుకుంది. ఇందులో దాతృత్వం ఏమీ లేదు. డబ్బొచ్చేది క్లిక్ పడితేనే కదా. వంద రూపాయలు పాడి ఒక్క క్లిక్కూ తెచ్చిపెట్టని ప్రకటన కన్నా, పది రూపాయలు పాడి ఇరవై క్లిక్కులు తెచ్చేది గూగుల్‌కు లాభం. వెతికినవాడికీ పనికొచ్చేది దొరుకుతుంది. 2005లో దీనికే క్వాలిటీ స్కోర్ అని పేరు పెట్టారు. ఆ ఏడాది చివర్లోనే క్లిక్ చేస్తే తెరుచుకునే పేజీని కూడా అందులో చేర్చారు. 2018లో యాడ్‌వర్డ్స్ కాస్తా గూగుల్ యాడ్స్ అయింది కానీ సూత్రం మారలేదు. అన్నట్టు, 2004లో గూగుల్ హైదరాబాద్‌లో కార్యాలయం తెరిచింది ప్రధానంగా ఈ ప్రకటనల పని కోసమే. ఎక్కడెక్కడి వ్యాపారుల గోడో చదివి జవాబులు రాసినవారిలో మన కుర్రాళ్లూ ఉన్నారన్నమాట.

ఆ గోడు తారస్థాయికి చేరింది 2006 జూలైలో. పేజీ నాణ్యతను లెక్కించే పద్ధతిని గూగుల్ కఠినం చేసింది. నిన్నటిదాకా ఐదారు సెంట్లకు దొరికిన క్లిక్‌లకు కనీస ధర ఒకటి, ఐదు, పది డాలర్లుగా మారడంతో వేలాది ప్రకటనలు రాత్రికి రాత్రే ఆగిపోయాయి. 'గూగుల్ చెంపదెబ్బ' అని వ్యాపారులు పేరు పెట్టుకున్నారు. అందులో చాలావరకు తగిన శాస్తే. ఒక ప్రకటన మీద క్లిక్ చేస్తే మరిన్ని ప్రకటనలు తప్ప ఏమీ లేని పేజీలకు జనాన్ని తోలుకుపోయి సొమ్ము చేసుకున్నవారే ఎక్కువగా దెబ్బతిన్నారు. కానీ అందరూ ఆ కోవలోకి వస్తారా అన్నదే వివాదం.

సోర్స్‌టూల్ అనే అమెరికన్ వెబ్‌సైట్ సంగతి ఉర్లా వ్యాపారికి దగ్గరి చుట్టం లాంటిది. ఫ్యాక్టరీలకు కావలసిన సామగ్రి ఎవరు అమ్ముతారో చూపే డైరెక్టరీ అది. దాన్ని నడిపిన డాన్ సావేజ్‌కు వచ్చేవారిలో ఎక్కువమంది గూగుల్ ప్రకటనల ద్వారా వచ్చేవారే. 2006లో ఆయన కనీస ధరలు ఒక్కసారిగా ఆకాశాన్నంటాయి. పేజీలు మార్చి చూశారు, గూగుల్‌ను అడిగి చూశారు, ధర దిగిరాలేదు. 2009లో ఆయన సంస్థ ట్రేడ్‌కామెట్ న్యూయార్క్‌లో దావా వేసింది. తాము గూగుల్‌కు పోటీ అవుతున్నామనే స్కోరు కోసేశారన్నది వారి ఆరోపణ. పేజీ నాణ్యత బాగోలేదన్నది గూగుల్ మాట. ఎవరిది నిజమో తేల్చేదాకా వ్యవహారం పోనేలేదు. వివాదం వస్తే కాలిఫోర్నియాలోని శాంటా క్లారా కౌంటీ కోర్టులకే వెళ్లాలని ఖాతా తెరిచినప్పుడు 'అంగీకరిస్తున్నాను' అని నొక్కిన ఒప్పందంలో ఉందంటూ 2010లో జడ్జి కేసు కొట్టేశారు. 2011లో అప్పీలు కోర్టూ అదే మాట చెప్పింది. చదవకుండా నొక్కే ఆ బటన్ ఎంత ఖరీదైనదో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

మన దగ్గరా ఈ పంచాయితీ నడిచింది. తెలుగు మ్యాట్రిమొనీ వంటి సైట్లు నడిపే చెన్నై సంస్థ మ్యాట్రిమొనీ డాట్ కామ్ ఫిర్యాదు మీద కాంపిటిషన్ కమిషన్ 2018 ఫిబ్రవరిలో గూగుల్‌కు 135.86 కోట్ల జరిమానా వేసింది. అయితే అది వెతుకులాట ఫలితాల్లో పక్షపాతం గురించి. యాడ్‌వర్డ్స్ వేలం విషయంలో ఉల్లంఘన కనిపించలేదని కమిషన్ తేల్చింది. అమెరికాలో మాత్రం కథ మరో మలుపు తిరిగింది. అక్కడి ప్రభుత్వం వేసిన కేసులో 2024 ఆగస్టులో జడ్జి అమిత్ మెహతా వెతుకులాటలోనూ, ఆ పక్కన వేసే అక్షర ప్రకటనల్లోనూ గూగుల్‌ది చట్టవిరుద్ధ గుత్తాధిపత్యమేనని తీర్పిచ్చారు. విచారణలో బయటపడ్డ సంగతులు ప్రకటనదారులకు కళ్లు తెరిపించేవే. మామూలు ప్రకటనదారుకు ధరలు ఐదు శాతం దాకా పెరిగేలా వేలంలో మార్పులు చేసిన సందర్భాలున్నాయని గూగుల్ ప్రకటనల విభాగం ఉన్నతాధికారి జెర్రీ డిష్లర్ 2023లో కోర్టులో ఒప్పుకున్నారు. 2025 సెప్టెంబర్‌లో ఇచ్చిన పరిష్కార ఉత్తర్వులో, వేలంలో చెప్పుకోదగ్గ మార్పులు చేస్తే బహిరంగంగా వెల్లడించాలని జడ్జి ఆదేశించారు. కాబట్టి బిల్లు పెరిగిన ప్రతిసారీ తప్పంతా తమదేనని చిన్న వ్యాపారి తల పట్టుకోనక్కర్లేదు. అయితే తమ చేతిలో ఉన్న భాగాన్ని సరిచేసుకోకుండా గూగుల్‌ను తిట్టుకున్నా ఒరిగేది లేదు.

మరి ఆ 3ను 6 చేయడమెలా? చాలామంది మొదట చేసే పని పాట పెంచడం. దానివల్ల స్కోరు పెరగదు. ఏ స్థానంలో ఉంటే ఎన్ని క్లిక్‌లు రావడం సహజమో తీసేసి లెక్కగట్టే అంచనా అది. పాత కీవర్డ్‌ను కొన్నాళ్లు ఆపి ఉంచితే మచ్చ మాసిపోతుందన్నది రెండో భ్రమ. ఆపి ఉంచినంత మాత్రాన మార్కులు పెరగవు, తరగవు. కొత్త ఖాతా తెరిచినా అదే మాట, అదే ప్రకటన, అదే పేజీ పెడితే మళ్లీ అదే కథ. ఇక మూడో అలవాటు ఇంకా వింతైనది. తమ ప్రకటన వస్తోందో లేదోనని దుకాణంలో కూర్చుని రోజుకు ఇరవైసార్లు వెతికి చూసుకుంటారు. క్లిక్ చేయరు, డబ్బు పోతుందని. చూసి, నొక్కకుండా వదిలేసిన ప్రతిసారీ 'ఈ ప్రకటన ఎవరికీ అక్కర్లేదు' అని స్వయంగా గూగుల్‌కు చెప్పినట్టే. సరిచూసుకోవడానికి ఖాతాలోనే వేరే సాధనం ఉంది.

అసలు వైద్యం మొదలయ్యేది జనం నిజంగా ఏం టైపు చేసి ఈ ప్రకటన దాకా వచ్చారో చూపే జాబితా దగ్గర. 'రైస్ మిల్' అన్న రెండు మాటలకు గూగుల్ ఎంత విశాలార్థం తీస్తుందో అక్కడ బయటపడుతుంది. రైస్ మిల్లులో ఉద్యోగాలు, రైస్ మిల్లు పెట్టడానికి రుణం, పీఎంఈజీపీ ప్రాజెక్టు రిపోర్టు, ఇంట్లో పెట్టుకునే మినీ మిల్లు ధర, ఆఖరికి బాస్మతి బస్తా రేటు. వీళ్లలో రబ్బర్ రోలర్ కొనేవాడు ఒక్కడైనా ఉంటాడా? వాళ్లు ప్రకటన చూసి పక్కకు తప్పుకుంటే క్లిక్‌ల శాతం పడిపోతుంది. పొరపాటున నొక్కితే 30 రూపాయలు పోతాయి. ఉద్యోగం, రుణం, సబ్సిడీ, రిపోర్టు, బాస్మతి అన్న మాటలను 'వద్దు' జాబితాలో వేయడం ఒక్క పూట పని. 2020 సెప్టెంబర్ నుంచి గూగుల్ ఆ జాబితాలో తక్కువమంది వెతికిన మాటలను దాచేస్తోంది. కాబట్టి మిగిలినవి ఊహించుకోవాల్సిందే. ఏళ్ల తరబడి కౌంటర్ మీద కూర్చున్న తండ్రి ఈ విషయంలో కంప్యూటర్ చదివిన కొడుకు కన్నా పనికొస్తాడు. ఫోన్ చేసేవాడు ఏ మాట వాడతాడో ఆయనకు తెలుసు.

ఊరి పేరుతోనూ ఒక తంటా ఉంది. రాయపూర్ ఒక్కటే కాదు. డెహ్రాడూన్‌లో ఒక రాయపూర్ ఉంది, రాజస్థాన్‌లో ఉంది, పశ్చిమ బెంగాల్ బాంకుడా జిల్లాలో ఉంది, బంగ్లాదేశ్‌లోనూ ఉంది. పైగా ఒక ప్రాంతంలో ఉన్నవారికే కాక, ఆ ప్రాంతం మీద ఆసక్తి చూపినవారికీ ప్రకటన కనిపించేలా ఖాతా ముందే అమర్చి ఉంటుంది. దాన్ని వెతికి మార్చుకోకపోతే ఎక్కడో కూర్చుని రాయపూర్ గురించి చదువుకునేవాడికీ ఎలివేటర్ బెల్టు కనిపిస్తుంది.

తర్వాతి పని విడగొట్టడం. రోలర్‌కు ఒక గుంపు, పాలిషర్ రాయికి ఒక గుంపు, బెల్టులకు ఒక గుంపు. వేటి ప్రకటన వాటిదే, ఆ ప్రకటనలో జనం వాడే మాటే. 'నాణ్యతకు మారుపేరు, 1985 నుంచి మీ సేవలో' అన్న గోడ రాతలు ఇక్కడ పనిచేయవు. 'పది అంగుళాల రబ్బర్ రోలర్, రాయపూర్ గోదాములో సిద్ధం, అదే రోజు లారీకి' అంటే మిల్లరు ఆగి చూస్తాడు. భాష సంగతీ ఉంది. ధంతరి మిల్లరు ఇంగ్లీషు అక్షరాలతో హిందీ టైపు చేస్తాడు, కొందరు దేవనాగరిలో నోటితో చెబుతారు. 2018 నుంచి తెలుగులోనూ ప్రకటనలు ఇవ్వొచ్చు కాబట్టి, గోదావరి జిల్లాల మిల్లర్లకు అమ్మదలిస్తే వారి మాటలో రాయడమే తెలివైన పని.

ఎక్కువమంది తడబడేది మాత్రం మూడో విషయం దగ్గర, అంటే పేజీ దగ్గర. రోలర్ ప్రకటన నొక్కితే సంస్థ హోమ్ పేజీ తెరుచుకుంటుంది. తిరిగే బొమ్మలు, చైర్మన్ సందేశం, దేవుడి పటం. రోలర్ ఎక్కడ? వెతుక్కోవాలి. మిల్లు దుమ్ములో నిలబడి ఫోన్ చూస్తున్నవాడు వెతకడు, వెనక్కి పోతాడు. రోలర్ ప్రకటన రోలర్ పేజీకే తీసుకుపోవాలి. కొలతలు, ఏయే యంత్రాలకు సరిపోతుందన్నది, చిరునామా, నొక్కితే మోగే ఫోన్ నంబరు అక్కడే కనిపించాలి. పేజీ ఫోన్‌లో త్వరగా తెరుచుకోవాలి. వెబ్‌సైట్ తయారుచేసిన కుర్రాడు భద్రత పేరుతో గూగుల్ తనిఖీ రోబోనే గేటు బయట నిలబెట్టేసిన సందర్భాలూ ఉంటాయి. 'యాడ్స్‌బాట్' అనే ఆ రోబో లోపలికి రాలేకపోతే ఎంత మంచి పేజీకైనా మార్కులు పడవు. మార్కులు ఎందుకు పడలేదో తెలియక జుట్టు పీక్కునేవారు ముందు చూడాల్సింది అది.

ఇవన్నీ చేసిపెడతామని వచ్చే ఏజెంట్లకు కొదవ లేదు. చాలామంది రుసుము ఖర్చులో ఇంత శాతం అని ఉంటుంది. ఖర్చు తగ్గిస్తే తన రుసుమూ తగ్గే ఏజెంటు 30 రూపాయల క్లిక్‌ను 15కు దించడానికి ఎంత చెమటోడుస్తాడన్నది ముందే అడిగి తేల్చుకోవాల్సిన ప్రశ్న. స్వచ్ఛంద సంస్థలకైతే ఈ చదువు తప్పనిసరి. అర్హమైన సంస్థలకు నెలకు పదివేల డాలర్ల విలువైన ప్రకటనలు ఉచితంగా ఇచ్చే గూగుల్ పథకంలో, స్కోరు 1, 2 ఉన్న కీవర్డ్‌లను ఉంచుకోకూడదని, మొత్తం మీద నూటికి ఐదు క్లిక్‌లైనా రావాలని 2018 నుంచి నిబంధన పెట్టారు. తప్పితే ఖాతా ఆగిపోతుంది.

మార్కులు ఎప్పటికి పెరుగుతాయి? రేపటికి మాత్రం కాదు. కొత్త ప్రకటన కొన్ని వందలసార్లు కనిపించి, కొందరు నొక్కి, రోబో కొత్త పేజీని చూసి వెళ్లాక గానీ అంకె కదలదు. మధ్యలో ఓపిక నశించి రోజుకో మార్పు చేసేవారికి ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు. రాయపూర్ లాంటి చోట మరో చిక్కుంది. స్కోరు లెక్కించేది సరిగ్గా ఆ మాటనే వెతికినప్పటి చరిత్రను బట్టి. 'పాలిషర్ రాయి ధర రాయపూర్' అని నెలకు పదిమంది కూడా వెతకకపోవచ్చు. అప్పుడు స్కోరు గడిలో అంకె బదులు చిన్న గీత కనిపిస్తుంది. అది తప్పూ కాదు, శిక్షా కాదు, లెక్కకు సరిపడా ఆధారం లేదని అర్థం. సరైన గుంపులుగా విడగొట్టిన ఖాతాలో ఇలాంటి గీతలు ఎక్కువగానే ఉంటాయి. ఆ గీత ఉన్న మాట నుంచే నెలకు నాలుగు పెద్ద ఆర్డర్లు రావొచ్చు, 8 మార్కులున్న మాట నుంచి ఒక్కటీ రాకపోవచ్చు. స్కోరును లక్ష్యంగా పెట్టుకోవద్దని గూగుల్ కూడా అంటుంది. అందుకే కౌంటర్ మీద ఒక నోటు పుస్తకం పెట్టి, ఏ ప్రకటన చూసి ఫోన్ చేశారో అడిగి రాసుకునేవాడి దగ్గర ఖాతాలో లేని లెక్క ఒకటి ఉంటుంది. ఛత్తీస్‌గఢ్‌లో ఖరీఫ్ ధాన్యం కొనుగోళ్లు మొదలయ్యేది నవంబర్‌లో. మిల్లర్లు రోలర్ల కోసం ఫోన్ తీసేది అంతకు ముందే. ఈ మరమ్మతు పని దసరాకు కాదు, వినాయక చవితికే మొదలుపెట్టాలి.